దేవాంగపిల్లి దారి గీయాలంటే పచ్చదనం కాదు, తెగిన కొమ్మలు చూడాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: శేషాచలం అంచు గుట్టల్లో 14 చోట్ల దేవాంగపిల్లి (స్లెండర్ లోరిస్, రాత్రిపూట చెట్ల కొమ్మల్లో తిరిగే తోకలేని చిన్న జంతువు) కనిపించింది. ఆ 14 పాయింట్లతో మ్యాక్స్‌ఎంట్ (కనిపించిన చోట్లను బట్టి ఇంకెక్కడ ఉండొచ్చో అంచనా వేసే సాఫ్ట్‌వేర్) నడిపి ఆవాస పటం తీశారు. దాన్ని తిరగేసి, అంటే ఆవాసం బాగాలేని చోట దాటడం కష్టమని లెక్కవేసి, సర్క్యూట్‌స్కేప్‌కు (జంతువులు కదిలే దారులు అంచనా వేసే సాఫ్ట్‌వేర్) ఇస్తే గుట్టకీ పెద్ద అడవికీ మధ్య మామిడి తోటల మీదుగా వెడల్పాటి కారిడార్ (రెండు అడవులను కలిపే దారి) ఒకటి వచ్చింది. అటవీ అధికారి మాత్రం "సరే, అది రోడ్డు దాటడానికి తాడు వంతెన ఎక్కడ కట్టమంటారు?" అన్నారు. పటంలో దానికి జవాబు లేదు. తప్పు ఎక్కడ జరిగింది?

సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు. పులికి సరిపోయే పద్ధతిని పావు కిలో బరువుండే జంతువుకు వాడారు, అదీ చిక్కు. పులికి కారిడార్ అంటే బాట. నాలుగు రాత్రులు నడిచి అవతలి అడవికి చేరుతుంది, మధ్యలో కాస్త మరుగూ నీళ్లూ ఉంటే చాలు. దేవాంగపిల్లి దూకదు. వెనక కాళ్లతో ఒక కొమ్మ పట్టుకుని, ఒళ్లు సాచి, ముందు చేతులతో అవతలి కొమ్మ అందుకుంటుంది. ఆ ఒళ్లు 18 నుంచి 26 సెంటీమీటర్లు. తమిళనాడులో దిండిగల్ దగ్గర అయ్యలూరులో జరిగిన అధ్యయనంలో ఆడదాని తిరుగుడు ప్రాంతం దాదాపు 1.6 హెక్టార్లు, మగదానిది 3.6 హెక్టార్లు అని తేలింది. అంటే మీ గుట్ట నుంచి అడవిదాకా ఉన్న రెండు మూడు కిలోమీటర్లు ఏ ఒక్క జంతువూ నడిచి పోదు. ఒకటి దారిలో కాపురం పెడుతుంది, దాని పిల్ల ఇంకాస్త ముందు పెడుతుంది, ఆ పిల్ల పిల్ల ఇంకాస్త ముందు. కాబట్టి దీనికి కారిడార్ అంటే కాపురం ఉండగలిగే చోటే.

ఒక చిన్న లెక్క చూడండి. పది మీటర్ల వెడల్పున్న కంచె చెట్ల వరుసలో ఒక ఆడదానికి సరిపడా 1.6 హెక్టార్లు కావాలంటే ఆ వరుస 1,600 మీటర్ల పొడవుండాలి. మేత పలచగా ఉన్న చోట ఇంకా ఎక్కువ. సన్నటి పచ్చగీత పటంలో అందంగా కనిపిస్తుంది గానీ, దాని నిండా పురుగులూ చీమలూ, పగలు ముడుచుకుని పడుకోవడానికి ముళ్ల తీగల గుబుర్లూ లేకపోతే అది వట్టి గీతే.

ఇక మీ 14 పాయింట్లు. అవన్నీ రోడ్డుకో, కాలిబాటకో దగ్గరగా ఉంటాయని పందెం కాయొచ్చు, ఎందుకంటే మనం తిరిగేది అక్కడే. మ్యాక్స్‌ఎంట్‌కు ఆ సంగతి చెప్పకపోతే "ఈ జంతువుకు రోడ్డంటే ఇష్టం" అని నేర్చుకుంటుంది. నేపథ్య బిందువులను (పోలిక కోసం మోడల్‌కు ఇచ్చే చోట్లు) జిల్లా అంతా చల్లకుండా, మీరు నిజంగా వెతికిన బాటలకు అటూ ఇటూ 50 మీటర్ల పట్టీలోనే వేయండి. 14 పాయింట్లకు రెండు, మహా అయితే మూడు పొరలు (మోడల్‌కు ఇచ్చే సమాచార పటాలు). లీనియర్, క్వాడ్రాటిక్ ఫీచర్లు (సరళరేఖ, ఒక్క వంపు ఆకారపు సంబంధాలు) తప్ప మిగతావి ఆపేయండి. ప్రతిసారీ ఒక పాయింటు పక్కనపెట్టి 14 సార్లు నడిపి చూడండి. పందొమ్మిది వాతావరణ పొరలు దించి వేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాటిలో మామూలుగా వాడేవి దాదాపు కిలోమీటరు పిక్సెల్‌వి. పది కిలోమీటర్ల ప్రాంతంలో అడ్డంగా పదే పిక్సెళ్లు. గుట్టకు ఈ పక్కన ఒక వాతావరణం, ఆ పక్కన ఇంకో వాతావరణం ఉండదు కదా!

పటం కన్నా ముందు రాత్రి సర్వే సరిగ్గా జరగాలి. దానికీ ముందు అనుమతి. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ జంతువు. పట్టుకోవడం, చేత్తో తాకడం కుదరదు. అభయారణ్యంలోకో జాతీయ పార్కులోకో వెళ్లాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. శేషాచలంలో ఇంకో సంగతి కూడా ఉంది: ఇది ఎర్రచందనం అడవి. రాత్రిపూట తలకు లైటు కట్టుకుని చెట్ల మధ్య మెల్లగా కదిలేవాళ్లను టాస్క్‌ఫోర్స్ వాళ్లు ఎవరనుకుంటారో చెప్పనక్కర్లేదు. ఏ రాత్రి, ఏ బాట, ఎంతమంది, ఎన్ని గంటలకు బయటికొస్తారు అన్నవి రేంజ్ ఆఫీసుకు రాతపూర్వకంగా ఇచ్చి, బీట్ ఆఫీసర్‌నో వాచర్‌నో వెంటబెట్టుకునే కదలండి. చిరుత, ఏనుగు తిరిగే చోట్ల ఇద్దరే వెళ్లే సర్వే వద్దు.

బాట ఒక్కోటి కిలోమీటరు. పొద్దు గూకిన గంట తర్వాత మొదలుపెట్టి గంటకు 500 మీటర్లకు మించకుండా నడవాలి. లైటు నుదుటి మీదే ఉండాలి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. కంటి వెనక ఉండే పొర మీద పడ్డ వెలుగు దాదాపు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. టార్చి నడుం దగ్గర పట్టుకుంటే ఆ మెరుపు మీ నడుముకే తిరిగొస్తుంది, మీ కంటికి కాదు. లైటుకు ఎర్ర ఫిల్టరు వేయండి, లేదా ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టండి. గుర్తు పట్టడానికి మాత్రం రెండు మూడు సెకన్లు తెల్ల లైటు, బైనాక్యులర్. అంతకు మించి కంట్లో కొట్టొద్దు.

మెరుపు చూసి పొరబడకుండా ఉండాలంటే: దేవాంగపిల్లి కళ్లు రెండూ ముందుకే ఉంటాయి, అందుకే జంటగా, దగ్గర దగ్గరగా, ఎర్రటి నారింజ రంగులో కనిపిస్తాయి. కదలిక నెమ్మది. ఒకసారి మీ వైపు చూసి మెల్లగా తల తిప్పేసుకుంటుంది, జంట దీపాలు ఆరినట్టుంటుంది. అలా ఆరగానే వెళ్లిపోకండి, మూడు నిమిషాలు అక్కడే ఆగండి. మానుపిల్లి అయితే కొమ్మ వెంట చకచకా పోతుంది, పొడవాటి తోక కనిపిస్తుంది. నేల మీద సూదిమొన లాంటి ఒంటి మెరుపులు సాలీళ్లవి. ఎత్తుగా, గట్టిగా వినిపించే ఈల లాంటి అరుపును కూడా రాసుకోండి, కానీ కనిపించినవాటితో కలపకుండా వేరే కాలమ్‌లో.

ఒక్కసారి నడిచి కనబడలేదు కాబట్టి లేదు అని రాయకూడదు. ఉన్న చోట ఒక రాత్రి కనబడే అవకాశం 40 శాతం అనుకోండి. మూడు రాత్రులు నడిచినా ఒక్కసారీ కనబడకుండా పోయే అవకాశం 22 శాతం ఉంటుంది, ఐదు రాత్రులు నడిస్తే 8 శాతానికి దిగుతుంది. అందుకే ప్రతి బాటా ఐదుసార్లు, రెండు నెలల లోపే ముగించాలి. కనబడని రాత్రులు కూడా డేటాయే. ఆ షీట్లు పారేస్తే ఆక్యుపెన్సీ లెక్క (ఉండీ కనబడని అవకాశాన్ని కలుపుకుని ఎన్ని చోట్ల ఉందో అంచనా వేసే లెక్క) కట్టలేరు. ప్రతి రాత్రీ వెన్నెల, గాలి, వానజల్లు, నడిచినవాళ్ల పేర్లు రాయండి. ఒకరి కన్ను ఇంకొకరి కన్నులా ఉండదు, ఆ తేడా లెక్కలో కనిపిస్తుంది.

కనిపించిన చెట్టు దగ్గర, అదే బాటలో చీటీ తీసినట్టు ఎంచుకున్న మరో రెండు చోట్ల, మర్నాడు పగలు ఐదు మీటర్ల వ్యాసార్ధంలో కొలతలు తీసుకోండి. చెట్టు పేరు, ఎత్తు, తీగలు ఉన్నాయా, కింద పొద ఎంత దట్టం, అన్నిటికన్నా ముఖ్యం: ఈ చెట్టు కొమ్మలు ఎన్ని చెట్లను తాకుతున్నాయి? "కానోపీ (కొమ్మల కప్పు) 60 శాతం" అన్న అంకె కన్నా "నాలుగు చెట్లను తాకుతోంది" అన్న అంకె ఈ జంతువు గురించి ఎక్కువ చెబుతుంది.

ఉపగ్రహ చిత్రాల దగ్గరికొద్దాం. సెంటినెల్-2 పది మీటర్ల పిక్సెల్ ఉచితం, ఆవాసం వర్గీకరణకు చాలు. కానీ ఒక్క తేదీ చిత్రంతో చిత్తూరు, తిరుపతి వైపు పని జరగదు. ఈశాన్య వానలు పోయాక డిసెంబరు చివర్లోదో జనవరిలోదో ఒకటి, మార్చి చివరిది ఒకటి తీసుకోండి. ఆకురాల్చే అడవి రెండో చిత్రంలో గోధుమ రంగుకు తిరుగుతుంది. మామిడి, సర్కారు తుమ్మ, జామాయిల్ పచ్చగానే ఉంటాయి. మీ మోడల్ మామిడి తోటల మీదుగా కారిడార్ గీసింది అందుకే: అది చూసింది పచ్చదనాన్ని.

మామిడి తోట దేవాంగపిల్లికి ఎలా ఉంటుందో దగ్గరికెళ్లి చూడండి. పాత పద్ధతిలో చెట్టుకీ చెట్టుకీ పది మీటర్లు, ఎకరాకు 40 చెట్లు. ముదురు తోటలో కొమ్మలు కలిసే వీలుంది, పదేళ్ల తోటలో కలవవు. కింద దున్ని శుభ్రంగా ఉంటుంది, తీగ ఉండదు, పూత మీద మందు కొడతారు, పురుగు ఉండదు. పిక్సెల్‌లో మాత్రం అడవి కన్నా పచ్చన. అదే తోట గట్టున కాడజెముడు, తుమ్మ, కలే, తీగలు అల్లుకున్న పాత కంచె ఉంటే, దారి తోటలోంచి కాదు, ఆ కంచెలోంచి. నాలుగు మీటర్ల వెడల్పున్న కంచె పది మీటర్ల పిక్సెల్‌కు కనబడదు. కాబట్టి గుట్టకీ అడవికీ మధ్య ప్రాంతంలో కంచెలను, వాగు గట్లను, రోడ్డు చెట్ల వరుసలను హై రిజల్యూషన్ చిత్రం మీద చేత్తో గీతలుగా గీయాల్సిందే. విసుగు పనే. ఇరవై చదరపు కిలోమీటర్లకు నాలుగైదు రోజులు పడుతుంది. దీనికి బదులు వాడదగ్గ ఆటోమేటిక్ పద్ధతి ఏదీ నాకు నచ్చలేదు.

వర్గీకరణకు ఒక్కో తరగతికి కనీసం 50 నేల బిందువులు పెట్టుకోండి. ముదురు మామిడి, లేత మామిడి వేర్వేరు తరగతులు. సర్కారు తుమ్మను "పనికిరాని నేల"లో కలపొద్దు. ముళ్లూ గుబురూ ఉంటాయి, దాటడానికీ దాక్కోవడానికీ ఉపయోగపడవచ్చు. అది మంచిదా కాదా అన్నది మీ రాత్రి నడకలే చెప్పాలి, ముందే తీర్పు ఇవ్వకండి. పొరలన్నీ యూటీఎం 44 ఉత్తర జోన్‌లోకి (దూరాలను మీటర్లలో చూపే పటం పద్ధతి) మార్చుకున్నాకే దూరాలు కొలవండి. డిగ్రీల్లో ఉన్న పొర మీద బఫర్ (చుట్టూ ఇంత దూరం అని గీసే పట్టీ) వేసి, 50 అని కొట్టి, భూగోళమంతా పరుచుకున్న బఫర్‌ను చూసి బిత్తరపోయేవాళ్లు ఏటా కనబడతారు.

ఇప్పుడు అసలు పని: కొమ్మల వరుస తెగిన చోట్ల నమోదు. గీసిన ప్రతి గీత వెంటా పగటిపూట ఇద్దరు నడవాలి. చేతిలో 30 మీటర్ల టేపు, వీలైతే లేజర్ దూరమాపకం. రెండు చెట్ల కొమ్మల మధ్య 30 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ ఖాళీ వచ్చిన ప్రతిచోటా ఒక వరుస రాయాలి: ఖాళీ ఎంత, ఇటు చెట్టూ అటు చెట్టూ ఏమిటి, వాటి ఎత్తు, కింద ఏముంది (మట్టిబాటా, తారురోడ్డా, దున్నిన చేనా, మంటలు పాకకుండా నరికిన ఫైర్ లైనా, వాగా), పైన కరెంటు తీగ ఉందా. జీపీఎస్ పాయింటు చోటు గుర్తుపెట్టుకోవడానికే. బయలులో మూడు నుంచి ఐదు మీటర్లు, లోయలో చెట్ల కింద పది మీటర్లు తప్పే పరికరంతో ఖాళీ వెడల్పు కొలవకూడదు. వెడల్పు టేపుతోనే. కిలోమీటరుకు రెండు మూడు గంటలు పడుతుంది.

ఎందుకింత కష్టం అంటే ఊహకు ఒక లంకె (గుట్టనీ అడవినీ కలిపే చెట్ల వరుస) తీసుకుందాం. పొడవు 2,400 మీటర్లు. ఏడు చోట్ల తెగింది: నాలుగు చోట్ల మీటరు లోపు, రెండు చోట్ల ఏడేసి మీటర్ల రోడ్లు, ఒక చోట 22 మీటర్ల చేను. మొత్తం ఖాళీ 40 మీటర్లు కూడా లేదు, అంటే 98 శాతం పైగా చెట్లే. పిక్సెల్ లెక్కలో ఇంతకన్నా మంచి కారిడార్ ఉండదు. దేవాంగపిల్లికి అది ఎనిమిది ముక్కలు. ఆ నాలుగు చిన్న ఖాళీలకు డబ్బు అక్కర్లేదు, రైతు రెండేళ్లు కంచె నరకకుండా ఉంటే కొమ్మలే కలుస్తాయి. 22 మీటర్ల చేనుకు గట్టు వెంట చెట్లు నాటాలి, ఏళ్లు పడుతుంది. తాడు గురించి ఆలోచించాల్సింది రెండు రోడ్ల దగ్గరే. అధికారి ప్రశ్నకు జవాబు ఈ జాబితాలోనే ఉంది.

అలాగని తెగిన చోట అసలు దాటదని కాదు. నేల మీదికి దిగి నడుస్తుంది, అందుకే రోడ్ల మీద నలిగి చస్తోంది. కాబట్టి రోడ్డును మోడల్‌లో గోడలా పెట్టొద్దు, మామూలు ఖర్చుగానూ పెట్టొద్దు. రెండు పొరలు వేరువేరుగా చేయండి: దాటడం ఎంత కష్టం అన్నది ఒకటి, దాటితే చచ్చే ప్రమాదం ఎంత అన్నది ఒకటి. మట్టిబాటా, ఘాట్ రోడ్డూ ఒకే వెడల్పు ఉండొచ్చు, కష్టం ఒకటే, చావు ఒకటి కాదు. రాత్రి ఏడు నుంచి తెల్లవారుజాము ఐదు దాకా గంటకు ఎన్ని బండ్లు పోతున్నాయో కూర్చుని లెక్కపెట్టడమే రెండో పొరకు ఆధారం. పగటి ట్రాఫిక్ లెక్క దీనికి పనికిరాదు. చచ్చినవి ఎక్కడ దొరికాయో చూడాలంటే తెల్లవారక ముందే నడవాలి. ఎండెక్కేసరికి కాకులూ కుక్కలూ ఏమీ మిగల్చవు. రోడ్డు మీద ఏమీ దొరకలేదంటే ఏమీ చావలేదని కాదు.

కరెంటు తీగలది కూడా ఇదే కథ. చేలకు వెళ్లే లైన్లు కంచె చెట్ల పక్కనే ఉంటాయి, జంతువు తీగను కొమ్మ అనుకుని ఎక్కుతుంది. ఒక తీగ మీద నడిచినంత సేపు ఏమీ కాదు, రెండో తీగనో స్తంభం మీది ఇనుప ముక్కనో అందుకున్నప్పుడు చస్తుంది. అందుకే పటంలో లైనుకన్నా స్తంభాలనూ ట్రాన్స్‌ఫార్మర్లనూ బిందువులుగా గుర్తించడం ముఖ్యం. కొమ్మ తాకే స్తంభాల జాబితా విద్యుత్ శాఖకు విడిగా ఇస్తే, ఆ చోట్ల కప్పు వేసిన కేబుల్ అడగొచ్చు.

వీటన్నిటి తర్వాతే సర్క్యూట్‌స్కేప్. అదీ జిల్లా అంతటికీ వద్దు. పది కిలోమీటర్ల చదరాన్ని పది మీటర్ల పిక్సెల్‌తో తీసుకుంటే పది లక్షల పిక్సెళ్లు, రెండు మీటర్లకు దిగితే రెండున్నర కోట్లు, మామూలు లాప్‌టాప్ చేతులెత్తేస్తుంది. ఈ జంతువుకు గ్రాఫ్ పద్ధతే మేలు: కాపురం ఉండగల ముక్కలు బిందువులు, నమోదు చేసిన లంకెలు గీతలు, గీత విలువ దానిలోని అతి పెద్ద ఖాళీ. సగటు కాదు, అతి పెద్దది. తర్వాత ఒక్కో లంకెనూ తీసేసి, ఎన్ని ముక్కలు విడిపోతాయో చూడండి. ఏది తీస్తే గుట్ట ఒంటరి అవుతుందో దానికే మొదటి డబ్బు. ఆవాస పటాన్ని తిరగేసి నిరోధక పొరగా (ఎక్కడ దాటడం ఎంత కష్టమో చూపే పటంగా) వాడొద్దన్నది కూడా ఇక్కడే చెప్పాలి. మీ 14 పాయింట్లు మేసే చోట్లవి, దాటే చోట్లవి కావు. కాపురానికి పనికిరాని జామాయిల్ వరుస దాటడానికి పనికిరావచ్చు.

ఊళ్లో వాళ్లను అడిగేటప్పుడు ఒక్క దేవాంగపిల్లి ఫోటో చూపించి "ఇది చూశారా?" అంటే అందరూ చూశామనే అంటారు. మానుపిల్లి, పునుగుపిల్లి, ఈ ప్రాంతంలో అసలు ఉండని జంతువు ఒకటి కలిపి నాలుగు ఫోటోలు చూపించండి. ఆ నాలుగోదాన్ని కూడా చూశామన్నవారి జవాబులు పక్కన పెట్టండి. తోక ఉందా అని అడగండి, తోక లేదని వాళ్లంతట వాళ్లే చెబితే నమ్మొచ్చు. తమిళం మాట్లాడే ఊళ్లలో తేవాంగు అంటారు. మేకలు కాసేవాళ్లు, రాత్రి మోటారు వేయడానికి వెళ్లే రైతులు చెప్పేది మిగతావాళ్లు చెప్పే దానికన్నా ఖచ్చితంగా ఉంటుంది.

పటం బయట పెట్టేటప్పుడు పాయింట్లు పెట్టొద్దు. చేతబడికీ నాటుమందుకీ దీన్ని పట్టి అమ్మేవాళ్లున్నారు. బయటికిచ్చే కాపీలో ఐదు కిలోమీటర్ల గళ్లు మాత్రమే, అసలు పాయింట్లు అటవీశాఖ దగ్గరా మీ దగ్గరా. ఫోన్‌లో తీసిన ఫోటోలో లొకేషన్ దాగుంటుంది, వాట్సాప్ గ్రూపులో ఫైలుగా పంపితే అదీ వెళ్లిపోతుంది.

ఇక తాడు. జావాలో ఇదే కుటుంబానికి చెందిన స్లో లోరిస్‌ల కోసం చెట్ల మధ్య నీటి గొట్టాలు, రబ్బరు గొట్టాలు కడితే అవి వాడుకున్నాయి, కాబట్టి ఆలోచన పిచ్చిది కాదు. నీలం ప్లాస్టిక్ తాడు మాత్రం వద్దు, మన ఎండకు పొడిపొడిగా రాలిపోతుంది. రోడ్డు మధ్యలో, సాగిన తర్వాత కూడా, ఆరు మీటర్ల ఎత్తుకు తగ్గకూడదు, చెరకు లోడు లారీని దృష్టిలో పెట్టుకోండి. రెండు కొసలూ కాండానికి కట్టి వదిలేయకుండా, సన్న కొమ్మల్లోకి రెండు మూడు పాయలుగా విప్పి కట్టాలి. జంతువు తిరిగేది ఆ కొమ్మల్లో. కెమెరా ఒక కొసకు మీటరున్నర, రెండు మీటర్ల దూరంలో పెట్టండి. మామూలు కెమెరా ట్రాప్ వేడినీ కదలికనూ కలిపి పట్టుకుంటుంది. పావు కిలో ఒళ్లు, నత్తనడక, మే నెల రాత్రి వేడి, మూడూ కలిస్తే సెన్సర్ మేలుకోదు, "ఎవరూ వాడలేదు" అని తప్పుడు నివేదిక వెళ్తుంది. సెన్సర్‌తో పాటు నిమిషానికో ఫోటో టైమ్‌ల్యాప్స్ పెట్టండి: రాత్రికి 12 గంటల చొప్పున 720, నెలకు 21,600 ఫోటోలు. కార్డూ బ్యాటరీలూ ఆ లెక్కకు సరిపడా తీసుకోండి, పదిహేను రోజులకోసారి మార్చండి, తాడు కట్టడానికి ముందు కూడా ఒక నెల అదే చోట, రోడ్డు వైపు తిప్పి, నడపండి.